తెరుచుకోని చోక్: పచ్చిక కోసే యంత్రం గురించి నాలుగు మాటలు

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"డి.ఏ. బకాయిల మీద, హెల్త్ కార్డుల మీద మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. మీరు ఇంకేదైనా పనికొచ్చే విషయం చెప్పండి" అని కార్యదర్శిగారు ఆదేశించారు. ఈ హాలులో కూర్చున్నవారిలో కనీసం సగం మంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఏడాదికో రెండేళ్లకో ఆరు నెలల పాటు వెళ్లి వస్తున్నాం. అక్కడ పిల్లల ఇంటి గ్యారేజీలో కారు పక్కన నిలబడి ఉండే వస్తువు ఒకటుంది. దాని పేరు లాన్ మోవర్, అంటే పచ్చిక కోసే యంత్రం. ఈ పూట దాని గురించి, అందులోనూ దాని ఆటోమేటిక్ చోక్ గురించి మనవి చేస్తాను.

నేను మెకానిక్‌ను కాను. రెవెన్యూ శాఖలో ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు నడిపిన గుమస్తాను. ఇంజన్లతో నా పరిచయమల్లా ఇరవై రెండేళ్లు తొక్కిన బజాజ్ స్కూటరూ, మా ఊళ్లో నాన్నగారి పొలం దగ్గర పెట్రోలుతో స్టార్టు చేసి కిరసనాయిలుకు మార్చే చిన్న పంపుసెట్టూ. అయితే ఆగిపోయిన ఫైలు ఏ సీటు దగ్గర ఆగిందో వెతికి పట్టుకోవడం నాకు ఉద్యోగం నేర్పిన విద్య. ఇంజను దగ్గరా అదే విద్య పనికొచ్చింది.

ముందు చోక్ అంటే ఏమిటో చెప్పుకుందాం. చలికాలం ఉదయం స్కూటరు చోక్ లాగి, ఒక పక్కకు వంచి, కిక్ కొట్టిన రోజులు మనందరికీ గుర్తే. ఇంజనులో పెట్రోలు పెట్రోలుగా మండదు. ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. పూర్తిగా మండడానికి ఒక పాలు పెట్రోలుకు బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగా ఆవిరి కాదు, చుక్కలు చుక్కలుగా గోడలకు అంటుకుంటుంది. అందుచేత ఎక్కువ పెట్రోలు పంపితే తప్ప మండేపాటి ఆవిరి అందదు. కార్బ్యురేటర్‌లోకి గాలి వచ్చే దారిలో రూపాయి బిళ్లంత రేకు ఒకటి ఉంటుంది. దాన్ని మూస్తే గాలి తగ్గి, పీల్పు పెరిగి, పెట్రోలు ఎక్కువగా వస్తుంది. ఆ రేకే చోక్. ఇంజను వేడెక్కాక దాన్ని తెరవాలి. తెరవకపోతే పెట్రోలు ఎక్కువై, నల్లపొగ వచ్చి, ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. మన డీజిల్ పంపుసెట్లకు కార్బ్యురేటర్ లేదు గనుక ఈ చోక్ కూడా లేదు. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక మన కొత్త మోటారు సైకిళ్లు దాదాపు అన్నింటిలోనూ కార్బ్యురేటర్ పోయింది, చోక్ మీటా పోయింది. మన మనవళ్లకు ఆ మాటే కొత్త.

స్కూటరుకు చోక్ లాగేదీ మనమే, తిరిగి నొక్కేదీ మనమే. ఆటోమేటిక్ చోక్‌లో ఆ పని యంత్రమే చేసుకుంటుంది. చిన్న ఇంజన్లలో దీనికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి.

పాతకాలపు యంత్రాల్లో పలుచని రబ్బరులాంటి పొర ఒకటి ఉంటుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు స్ప్రింగు చోక్‌ను మూసి ఉంచుతుంది. ఇంజను తిరిగితే లోపలి పీల్పు ఆ పొరను లాగి చోక్‌ను తెరుస్తుంది. పొర చిరిగితే చోక్ తెరుచుకోదు. పొర మార్చడమే దానికి మందు.

రెండో పద్ధతిలో మైనం ఉంటుంది. చిన్న లోహపు గుళికలో మైనం వేసి ఇంజను వేడి తగిలే చోట బిగిస్తారు. వేడికి మైనం ఉబ్బి ఒక పుల్లను ముందుకు తోస్తుంది, ఆ పుల్ల చోక్‌ను తెరుస్తుంది. ఆ గుళిక పాడైతే బాగుచేయడం కుదరదు, కొత్తది వేయాల్సిందే.

మూడో పద్ధతిలో సైలెన్సర్ దగ్గర రెండు లోహాలు అతికించిన పట్టీ, చక్రం మూత కింద గాలికి కదిలే చిన్న రెక్క ఉంటాయి. మన ఇస్త్రీ పెట్టెలో వేడి ఎక్కువైతే కరెంటు ఆపేది ఇలాంటి పట్టీయే. తాడు లాగగానే పై చక్రానికున్న ఫ్యాను గాలి విసురుతుంది. ఆ గాలికి రెక్క కదిలి, సన్నని తీగ ద్వారా చోక్‌ను తెరవబోతుంది. ఇంజను చల్లగా ఉంటే పట్టీ దాన్ని కాసేపు నిదానించి కొద్దికొద్దిగా తెరవనిస్తుంది. సైలెన్సర్ వేడెక్కితే పట్టీ వంగి దారి వదులుతుంది. వేడి మీద ఆపి మళ్లీ స్టార్టు చేసేటప్పుడు చోక్ మూసుకోకుండా చూసేదీ ఈ పట్టీయే. నేను చూసినది ఈ మూడో రకం.

ఇక అసలు సంగతికి వస్తాను. 2023 ఏప్రిల్‌లో నేనూ మా ఇంటావిడా ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. మేము వెళ్లిన పది రోజులకు అల్లుడుగారి ఉద్యోగం పోయింది. హెచ్1-బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే 60 రోజుల వరకే గడువు. ఆ లోపల ఇంకో కంపెనీ వారి తరఫున దరఖాస్తు పెట్టాలి, లేదా వేరే దారి చూసుకోవాలి, అదీ కాకపోతే దేశం విడవాలి. పిల్లవాడు చదివే బడి, ఇంటి అప్పు, కారు అప్పు అన్నీ ఆ 60 రోజుల మీద వేలాడుతున్నాయి. అల్లుడుగారు పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుంటే రాత్రి దాకా లేచేవారు కాదు. అమ్మాయి సరుకుల చీటీ రాసి, అందులో రెండు కొట్టేసి అప్పుడు బజారుకు వెళ్లేది. మన చేతిలో ఏముంది? పెన్షను రూపాయల్లో వస్తుంది, అక్కడి ఖర్చు డాలర్లలో ఉంటుంది. ఉద్యోగం విషయంలో నేను చేయగలిగింది ఏమీ లేదు.

అదే సమయంలో పచ్చిక పెరిగింది. అక్కడ వసంతంలో వారం పట్టించుకోకపోతే మోకాలి వైపు చూస్తుంది. వాళ్లుండే ఊళ్లో పచ్చిక హద్దు దాటితే పురపాలక సంఘం వారు నోటీసు ఇస్తారు. అప్పటికీ కోయకపోతే వాళ్లే మనిషిని పెట్టి కోయించి ఆ ఖర్చు మన మీద వేస్తారు. మోవరేమో రెండు మూడు నిమిషాలు నడిచి, నల్లపొగ వదిలి, ఆగిపోతోంది. ఒక దుకాణానికి ఫోన్ చేస్తే "కార్బ్యురేటర్ మార్చాలి, 160 డాలర్లు, రెండు వారాలు పడుతుంది" అన్నారు. యంత్రాన్ని చూడకుండానే ఇచ్చిన తీర్పు అది. కొత్తది కొనాలంటే 400 పైమాటే. "ఈ నెల కాదు నాన్నా" అంది అమ్మాయి.

నేను అల్లుడుగారిని అడిగి, దాని పుస్తకం తీసుకుని, రెండు రోజులు చదివాను. తర్వాత ఒక కాగితం మీద రెండు ప్రశ్నలు రాసుకున్నాను. చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉంది? వేడెక్కాక ఎలా ఉంది? చోక్ జబ్బు తెలుసుకోవడానికి ఈ రెండే ముఖ్యం.

చల్లగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు తాడు లాగినా అంటుకోకుండా, ఒకసారి అంటుకున్నాక హాయిగా నడిస్తే చోక్ మూసుకోవడం లేదని అనుమానించాలి. చల్లగా ఉన్నప్పుడు వెంటనే అంటుకుని, వేడెక్కాక నల్లపొగతో ఆగిపోయి, మళ్లీ చల్లారేదాకా అంటుకోకపోతే చోక్ తెరుచుకోవడం లేదని అనుమానించాలి. మాది రెండోది. రెండో లాగుకే అంటుకునేది. ఆగాక మాత్రం ముప్పావుగంట చల్లారితే తప్ప కదిలేది కాదు.

అనుమానం రుజువు కాదు గనుక, అవే లక్షణాలు చూపే ఇతర కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి తీసేయాలి. తక్కువ ఖర్చుతో, తక్కువ విప్పుడుతో తేలేవి ముందు చూడాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి. నాలుగూ కలిపి మారిస్తే ఏది మందో తెలియదు.

మొదటిది పెట్రోలు. ట్యాంకులో ఉన్నది కిందటి అక్టోబరు నాటిది. అక్కడి పెట్రోలులో సాధారణంగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. అది గాలిలో తేమను పీలుస్తుంది. నెలల తరబడి నిలవుంటే పెట్రోలులో పలుచని భాగం ఆవిరైపోయి జిగురు మిగులుతుంది, సన్నని రంధ్రాలు పూడుతాయి. పాతది తీసి తాజాది పోశాం. జబ్బు అలాగే ఉంది.

రెండోది ట్యాంకు మూత. ఆ మూతలో గాలి పోయే సన్నని దారి ఉంటుంది. అది పూడితే ట్యాంకులో పీల్పు ఏర్పడి పెట్రోలు దిగదు, కొన్ని నిమిషాలకు ఇంజను ఆగుతుంది. ఆగిన వెంటనే మూత వదులు చేస్తే మళ్లీ అంటుకుంటుంది. కాని అది పెట్రోలు చాలక వచ్చే జబ్బు, దానికి నల్లపొగ రాదు. వదులు చేసి చూశాం. మార్పు లేదు.

మూడోది గాలి వడపోత కాగితం, అంటే ఎయిర్ ఫిల్టర్. అది దుమ్ముతో నిండితే చోక్ మూసినట్టే గాలి తగ్గి నల్లపొగ వస్తుంది. తీసి వెలుతురుకు ఎత్తి చూశాం. వెలుతురు బాగానే కనిపించింది. ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని ఇంజన్లలో ఫిల్టర్ డబ్బాను పట్టి ఉంచే బోల్టులే కార్బ్యురేటర్‌ను కూడా పట్టి ఉంచుతాయి. కనుక పై మూతా, లోపలి కాగితమూ మాత్రమే తీయాలి. డబ్బా మొత్తం ఊడదీయకూడదు.

నాలుగోది స్పార్క్ ప్లగ్. విప్పి చూస్తే కొన నల్లగా, మసిపట్టి, తడిగా ఉంది. అంటే పెట్రోలు ఎక్కువవుతోందని ఇంజను తనే సంతకం పెట్టి ఇచ్చినట్టు. వేడెక్కాక నిప్పురవ్వ పోయే జబ్బు కూడా ఒకటుంది గాని, దానికి ముందు ఇంత మసి, ఇంత పొగ ఉండవు.

ఐదోది చోక్ రేకు. కాగితం తీసిన రంధ్రంలోంచి టార్చిలైటు వేసి చూస్తే కనబడుతుంది. చల్లని ఇంజనులో మూసి ఉంది, అది సరే. ప్లగ్ తీగ పీకి పెట్టి రేకును చిటికెన వేలితో మెల్లగా తోశాను. అది స్వేచ్ఛగా కదిలి స్ప్రింగులా వెనక్కి రావాలి. మాది బరువుగా కొద్దిగా కదిలి ఆగిపోయింది.

ఇక నడిపి చూడాలి. ఈ యంత్రానికి చేతిపిడి దగ్గర కడ్డీ ఒకటుంటుంది, దాన్ని పట్టుకుని ఉంటేనే ఇంజను నడుస్తుంది. అమెరికాలో 1982 నుంచి తయారైన తోసుకెళ్లే మోవర్లకు, ఆ కడ్డీ వదిలిన 3 సెకన్లలో కత్తి ఆగాలని నిబంధన. దాన్ని గుడ్డతోనో తాడుతోనో కట్టేయడం ప్రాణాంతకం. అందుచేత ఇద్దరు మనుషులు కావాలి. "బాబూ, పది నిమిషాలు బయటికి రాగలరా?" అని అల్లుడుగారిని పిలిచాను. ఆయన వారం తర్వాత ఎండలోకి వచ్చింది అప్పుడే. ప్లగ్ తుడిచి బిగించి, తీగ తగిలించి, చదునైన సిమెంటు నేల మీద యంత్రాన్ని నిలబెట్టాం. ఆయన కడ్డీ పట్టుకుని స్టార్టు చేశారు. నేను పక్కన దూరంగా వంగి టార్చి వేశాను. నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. సైలెన్సర్ కాలిపోతోంది గాని రేకు కదల్లేదు. పొగ వచ్చింది, ఇంజను ఆగింది.

"మామయ్యగారూ, కార్బ్యురేటర్ కాదన్నమాట" అన్నారాయన. కార్బ్యురేటర్ తన పని తాను చేస్తూనే ఉంది. దానికి ఆర్డరు ఇవ్వాల్సిన చేయి ఎక్కడో చిక్కుకుంది.

పూర్తిగా చల్లారనిచ్చి, ప్లగ్ తీగ మళ్లీ పీకి, పై మూత బోల్టులు విప్పాం. విప్పే ముందు ప్రతి తీగకూ, స్ప్రింగుకూ సెల్‌ఫోన్‌లో ఫోటో తీయించాను. ఏ తీగ ఏ రంధ్రంలో ఉండేదో తర్వాత మనకు గుర్తుండదు. మూత లేపితే లోపల ఎలుక గూడు. చలికాలమంతా గ్యారేజీలో కదలకుండా ఉన్న యంత్రంలో, ఎండుగడ్డి, గోడల్లో చలి రాకుండా నింపే గులాబీ రంగు గాజు దూది తెచ్చి పేర్చుకుంది. గూడు ఖాళీగానే ఉంది. గాలికి కదలాల్సిన రెక్క ఆ దూదిలో పాతుకుపోయి ఉంది. రెక్క కదలక తీగ కదలలేదు, తీగ కదలక చోక్ తెరుచుకోలేదు. పట్టీ వేడెక్కి దారి వదిలినా ఏం లాభం?

గాజు దూది చర్మానికీ ఊపిరికీ మంచిది కాదు. చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ వేసుకుని గూడంతా తీసి, పాత పళ్ల బ్రష్షుతో ఇంజను చుట్టూ ఉన్న పొరల మధ్య శుభ్రం చేశాం. అవి ఇంజనును చల్లబరిచే పొరలు. అక్కడ గాలి ఆడకపోతే వేసవిలో ఇంజను వేడెక్కి బిగుసుకుపోయి ఉండేది. ఆ తీగకు నూనె పూయవద్దు, నూనెకు దుమ్ము అంటుకుంటుంది. పొడిగా ఉండడమే మేలు. తీగను వంచవద్దు. వంచితే ఒక జబ్బు రెండవుతుంది. రెక్కను వేలితో తాకితే చోక్ రేకు టక్కున తెరుచుకుని, వదలగానే మూసుకుంది. మూత బిగించి స్టార్టు చేశాం. కొద్దిసేపటికి శబ్దం మారి ఇంజను సాఫీగా నడిచింది. ఆపి, వెంటనే మళ్లీ లాగితే ఒక్క లాగుకే అంటుకుంది. ఆ సాయంత్రమే అల్లుడుగారు పచ్చికంతా కోశారు. ఖర్చు కొత్త ప్లగ్‌కు 5 డాలర్లు, తాజా పెట్రోలు.

అల్లుడుగారికి 52వ రోజున ఉద్యోగం దొరికింది, గడువులోపలే కొత్త కంపెనీ దరఖాస్తు వేసింది. దానికీ మోవరుకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ సాయంత్రం ఆయన ఒక పని పూర్తిచేసి ఇంట్లోకి వచ్చి, స్నానం చేసి, మాతో కూర్చుని అన్నం తిన్నారు. అంతకు ముందు వారమంతా కంచం కంప్యూటరు దగ్గరికే వెళ్లేది.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి దయచేసి రాసుకోండి.

ఇంజను విప్పే ముందు చల్లారాలి, ప్లగ్ తీగ పీకి దూరంగా పెట్టాలి. తీగ ఉండగా కత్తిని కదిపితే ఇంజను తిరిగే ప్రమాదముంది. గ్యారేజీలో ఎప్పుడూ నడపకూడదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. యంత్రాన్ని పక్కకు వంచాల్సి వస్తే కార్బ్యురేటర్, ఫిల్టర్ ఉన్న పక్క పైకి రావాలి. లేకపోతే ఇంజనాయిలు ఫిల్టర్‌లోకి పోయి, తర్వాత తెల్లటి, నీలి పొగ వస్తుంది. స్టార్టు కాలేదని ఈథర్ స్ప్రేలు విచ్చలవిడిగా కొట్టవద్దు, అవి భగ్గున మండుతాయి. గుండె ఆపరేషను అయినవారు, భుజం నొప్పి ఉన్నవారు తాడు లాగవద్దు. చూడడం, వినడం, రాసుకోవడం మన పని. లాగడం పిల్లల పని.

చలికాలం ముందు పెట్రోలు ఖాళీ చేయడమో, నిలవ మందు కలిపి పది నిమిషాలు నడిపి ఆపడమో చేయాలి. 15 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలును ఈ చిన్న ఇంజన్లలో పోయడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. బంకు దగ్గర బోర్డు చదివి పోయించాలి. వసంతంలో మొదటిసారి తాడు లాగే ముందు మూత కింద ఎలుక గూడుందేమో చూడాలి.

అమెరికాకు వెళ్లని మిత్రులకూ ఇది పనికొస్తుంది. కరెంటు పోయినప్పుడు దుకాణాల్లో, పెళ్లి పందిళ్లలో నడిపే చిన్న పెట్రోలు జనరేటర్లకూ కార్బ్యురేటరే, చోకే. మన దేశంలోనూ 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థాయికి వచ్చారు. నెలలు వాడని జనరేటర్‌లో పెట్రోలు నిలవ ఉంచితే అక్కడి జబ్బులే ఇక్కడా వస్తాయి. నల్లపొగ వస్తే ముందు ఫిల్టర్, తర్వాత చోక్ చూడండి. చల్లగా ఉన్నప్పుడు ఎలా, వేడెక్కాక ఎలా అని రెండు ప్రశ్నలు వేసుకోండి. మెకానిక్‌ను పిలిచినా ఆ రెండు జవాబులూ ముందే చెప్పండి. అతనికి సగం పని తగ్గుతుంది, మనకు సగం బిల్లు తగ్గుతుంది.

ఎవరికైనా సందేహాలుంటే భోజనాల తర్వాత నా దగ్గరికి రండి. ఆ రోజు తీసిన ఫోటోలు నా సెల్‌ఫోన్‌లో ఉన్నాయి, చూపిస్తాను.

— విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, రెవెన్యూ శాఖ